ఊపిరి దొరా, ఊపిరి దాతా? ఒక క్రీక్ మాట గురించి

పద్మజ: అమెరికాలో క్రీక్ అనే ఆదివాసుల దగ్గర బడి పెట్టిన పాదిరీ లాఫ్‌రిడ్జ్ గురించి ఎప్పుడో చదివినదాంట్లో ఒక ముక్క రెండ్రోజులుగా తొలిచేస్తోంది. క్రీక్ భాషలోని క్రైస్తవ కీర్తనల్లో దేవుడికి వాళ్ల పాత పేరే ఉంటుంది కదా, హెసాకెతమెసీ అని. దాన్ని తెలుగులో ఎవరో "ఊపిరి..." అని మొదలుపెట్టి రాశారు. ఆ తర్వాతి మాట ఎంత తన్నుకున్నా రావడం లేదు. దొరా, దాతా, ఇంకేదైనానా?

రాఘవరావు: ముందు పలుకు సరిచేద్దామండీ. హెసా కాదు, హిసా. క్రీక్ భాషను ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తారు, ఆ లిపిలో "ఈ" (e) అక్షరం మన హ్రస్వ ఇకారమే, పైన గీత పెడితే దీర్ఘం. కాబట్టి హిసాకితమిసీ.

పద్మజ: పలుకు సరే, అర్థం మాటేమిటి?

శ్రీనివాస్ (టల్సా): అమ్మా, ఇక్కడ పెద్దవాళ్లు రెండూ అంటారు, ఊపిరికి యజమాని అనీ, ఊపిరి ఇచ్చేవాడు అనీ. రాఘవరావుగారు చెప్పిన లిపిలో అసలు విచిత్రం "వి" అక్షరం. అది వకారం కాదు, మన "అ". క్రీకులు తమను తాము పిలుచుకునే మస్కోగీ అన్న పేరు రాసేటప్పుడు ఎం తర్వాత వి పెడతారు, అది తెలియనివాళ్లు మ్వ్ అని నోరు తిప్పుకోలేక అవస్థ పడతారు. "ఆర్" అక్షరం ఇంకా కష్టం, నాలుకని ల దగ్గర పెట్టి పక్కలనుంచి గాలి ఊదాలి. తెలుగు లిపిలో దానికి అక్షరమే లేదు. అకారానికి మాత్రం మన లిపిలో ఏ తంటా లేదు, హల్లు రాస్తే చాలు, అందులోనే ఉంటుంది.

రాఘవరావు: ఆ అక్షరాలు 1853లో క్రీక్ పెద్దలూ దుబాసీలూ కూర్చుని ఖాయం చేసుకున్నవి. పాదిరీ ఒక్కడే కూర్చుని చేసిన పని కాదు.

విజయలక్ష్మి: ఆ మాట మళ్లీ గట్టిగా అనండి. 1890 నిఘంటువు మీద లాఫ్‌రిడ్జ్ పక్కన డేవిడ్ హాడ్జ్ పేరు కూడా ఉంది, ఆయన క్రీక్ మనిషి. కీర్తనల పుస్తకంలో డేవిడ్ విన్స్‌లెట్, ఆయనా క్రీకే. అయినా జనం నోట ఒక్క పాదిరీ పేరే మిగిలింది. మన దగ్గరా అంతే, బ్రౌన్ నిఘంటువు అంటాం గానీ జూలూరి అప్పయ్యగారిని ఎంతమంది తలుచుకుంటారు? నాకు దీనిమీద నిజంగా కోపం వస్తుంది.

రాఘవరావు: బ్రౌన్ తన పండితుల పేర్లు దాచలేదండీ. 1829లో వేమన పద్యాలు అచ్చువేసినప్పటి శ్రమ చూడండి, ఎన్ని ప్రతులు తెప్పించాడు, ఎంతమందిని కూర్చోబెట్టాడు...

విజయలక్ష్మి: ఆయన దాచాడని నేననలేదు, మనం మర్చిపోయామంటున్నాను.

కామేశ్వరి: అసలు మాట మీదికి రండి. నా ఓటు "ఉసురు"కి. ఊపిరి అంటే లోపలికీ బయటికీ ఆడే గాలి, ఉసురు అంటే ప్రాణం కూడా. "ఉసురు తీశాడు" అంటాం, "ఉసురు తగులుతుంది" అనీ అంటాం. 1836లో అలబామా నుంచి ఇప్పటి ఓక్లహోమాకి ఆ క్రీక్ జనాన్ని సైన్యం తోలుకొచ్చింది, దారిలో ఎంతోమంది పోయారు. ఆ తర్వాత ఆరేడేళ్లకే అదే తెల్లవాళ్లలోంచి ఈ లాఫ్‌రిడ్జ్ బడి పెడతానని వస్తే, పెట్టుకో గానీ మతబోధ ఆ బడి దగ్గరే చేయాలని క్రీకుల సభ కట్టడి చేసిందంటే ఆ అనుమానంలో న్యాయం ఉంది. అలాంటివాళ్ల దేవుడి పేరులో ఉసురు ఉండాలి.

రాఘవరావు: ఉసురుకి శాపం వాసన ఉందమ్మా. ఉసురు ఇచ్చేవాడు అంటే దీవెనలా వినబడదు. ప్రాణదాత అనండి, హాయిగా ఉంటుంది.

కామేశ్వరి: ప్రాణదాత మందుల దుకాణం బోర్డులా ఉంటుంది. పైగా సంస్కృతం. వాళ్ల మాట వాళ్ల నేలదైనప్పుడు మన మాటా మన నేలదే కావాలి. తమిళంలో ఉయిర్, మనకు ఉసురు, ఇంతకంటే సొంత మాట ఎక్కడుంది?

శ్రీనివాస్ (టల్సా): నేల అన్నారు కాబట్టి ఒకటి. లాఫ్‌రిడ్జ్ 1850లో తెరిచిన పెద్ద బడి ఉన్న చోటు పేరు తలహాసీ. తల్వా అంటే ఊరు, హాసీ అంటే పాత. అచ్చంగా మన పాతూరు. నేనుంటున్న టల్సా కూడా అదే మాట అరిగి అయింది. బడి 1880లో కాలిపోయింది, పేరు మాత్రం ఉంది.

విజయలక్ష్మి: పోజీని ఎవరూ తలవలేదేంటి! అలెగ్జాండర్ పోజీ, 1873లో యూఫాలా దగ్గర పుట్టిన క్రీక్ కవి. ఒక్తహచ్చీ అంటే ఇసుక ఏరు, ఆ ఏటి మీద పద్యం రాశాడు, చివరికి 1908లో ఆ ఏట్లోనే మునిగి పోయాడు. ముప్పై అయిదు కూడా నిండలేదు. ఇంగ్లీషులోనే రాసినా చెట్టూ పిట్టా అంతా వాళ్లవే. క్రీకుల మాటల గురించి మాట్లాడుతూ ఆయన్ని వదిలేస్తే ఎలా?

రాఘవరావు: ఆ ఏటి పద్యం ఇక్కడ పెట్టండి, లయ చూద్దాం.

పద్మజ: పద్యం తప్పకుండా పెట్టండి, నాకూ కావాలి. కానీ ఊపిరి తర్వాత ఏముందో ఎవరికీ తెలియదా?

కామేశ్వరి: ఊపిరి కాదమ్మా, ఉసురు.