ఐసీయూలో ఊపిరితిత్తుల ఫంగస్: రిపోర్టు రాకముందే మందు మొదలుపెట్టొచ్చా?

నాగావళి: మా మావయ్యకి సీఓపీడీ, అంటే ఊపిరితిత్తులు పాడై ఆయాసం వచ్చే జబ్బు. శ్రీకాకుళం నుంచి విశాఖ తీసుకెళ్ళాం. వెంటిలేటర్ మీద ఉండగా కఫం కల్చర్‌లో యాస్పర్‌జిల్లస్ అనే బూజు వచ్చిందని, రెండో టెస్టు రిపోర్టు రాకుండానే వొరికోనజోల్ అనే ఫంగస్ మందు ఎక్కించేశారు. కఫంలో బూజు కనబడితే చాలు, జబ్బేనా? ఆ బూజు గడ్డికుప్పలోనూ ఉంటుంది, అందరం పీలుస్తూనే ఉన్నాం.

రాత్రిడ్యూటీ: పీలుస్తాం, మన ఒళ్ళు దాన్ని చంపేస్తుంది. సీఓపీడీ ఉండి, రోజుల తరబడి స్టెరాయిడ్లు వాడి, దానిమీద ఫ్లూ కూడా వస్తే అదే బూజు ఊపిరితిత్తుల్లో మొలకెత్తి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతుంది. ఊపిరితిత్తుల్లోకి గొట్టం దింపి చూసే బ్రాంకోస్కోపీలో సెలైన్ పంపి వెనక్కి లాగిన నీటిలో గలాక్టోమానన్ (ఆ బూజు నుంచి వచ్చే పదార్థం) చూస్తే కఫం కంటే నమ్మకంగా తెలుస్తుంది, కానీ శాంపిల్ బయటి ల్యాబుకి వెళ్ళిందంటే రోజులు పడతాయి. అన్నాళ్ళు ఆగితే మనిషి దక్కకపోవచ్చు.

బొబ్బిలి: 2021లో వచ్చిన బ్లాక్ ఫంగస్ ఇదేనా?

రాత్రిడ్యూటీ: కాదు. అది మ్యూకర్ అనే వేరే ఫంగస్, దానికి యాంఫోటెరిసిన్ అనే మందు. వొరికోనజోల్ దానిమీద పనిచేయదు.

గజపతినగరం: మా నాన్నగారి ఐసీయూ పక్కనే గోడలు పగలగొట్టారు, మంచాల దాకా దుమ్ము. ముందు ఆ దుమ్ము సంగతి తేల్చండి.

రాత్రిడ్యూటీ: ఆ దుమ్ములో ఈ బూజు ఉంటుంది, ప్రమాదం నిజమే అన్నయ్యా, ఇక్కడ మాట మందు గురించి.

గజపతినగరం: దుమ్ము లేకపోతే మందెందుకు?

నాగావళి: ఆ మందు లివర్‌ని దెబ్బతీస్తుంది. గొట్టం తీశాక మావయ్య కళ్ళముందు రంగులు మెరుస్తున్నాయన్నాడు. మీరు హాస్పిటల్ మనిషి, బిల్లు కట్టేది మీరు కాదు. అత్త గాజులు తాకట్టులో ఉన్నాయి.

రాత్రిడ్యూటీ: బిల్లు కోసం మాట్లాడే మనిషినైతే కఫంలో క్యాండిడా అనే ఇంకో ఫంగస్ కనబడిన ప్రతివాళ్ళకీ మందు పెట్టమనేదాన్ని. అది చాలావరకు ఊరికే ఉంటుంది, జబ్బు కాదు. యాస్పర్‌జిల్లస్ అలా కాదు, అందులోనూ మీ మావయ్యలాంటి వాళ్ళకి.

నాగావళి: మందు వద్దని నేనెప్పుడన్నాను? "ఖాయం కాదు, అనుమానం మీద పెడుతున్నాం, టెస్టులో లేదని తేలితే ఆపేస్తాం" అని ఒక్కరైనా చెప్పారా? ఫంగస్ ఉంది, సంతకం పెట్టండి అన్నారు, అంతే.

రాత్రిడ్యూటీ: అనుమానం అంటే చాలామంది వద్దని పేషెంటుని తీసుకుపోతారు. చూశాను కాబట్టి చెబుతున్నాను.

నాగావళి: అందుకని అబద్ధం చెబుతారా? తేల్చుకోవలసింది మేము.

రాత్రిడ్యూటీ: మత్తులో ఉన్న ఆయన తరఫున ఆలోచించేవాళ్ళూ ఉండాలి కదండీ. మీకు చెప్పకపోవడం మాత్రం తప్పే, ఒప్పుకుంటాను.

బొబ్బిలి: ఇంతకీ రెండో రిపోర్టులో ఏముంది?

నాగావళి: ఇప్పటికీ చూపించలేదు. అడిగితే "మందు నడుస్తోంది కదా" అంటున్నారు.