ఈ వారం సమస్య: "చచ్చినట్టివాఁడె చక్కఁ బాడె"

పానగల్లు (నిర్వహణ):
డిసెంబరు 22 క్లాష్ అనే ఇంగ్లండు పంక్ రాక్ బృందం గాయకుడు జో స్ట్రమ్మర్ పోయిన రోజు. 2002లో, ఇంగ్లండులోని సోమర్సెట్‌ల, తన ఇంట్లనే పోయిండు. యాభై ఏండ్లు. గుండెల పుట్టుకతోనే లోపం ఉన్నదని బతికున్నన్ని రోజులు ఎవరికీ తెల్వలేదు. మన గుంపుల క్లాష్ పాటలు విన్నోళ్లు నలుగురైదుగురు ఉన్నరు. పంక్ రాక్ అంటే ఏందో తెల్వనోళ్లు కూడా ముందు మూడు పాదాలు రాసి ఈ ఆటవెలదిని పూరించొచ్చు, కానీ పద్యంల మనిషి మాత్రం ఆయనే ఉండాలె. పొద్దున చాయ తాగుకుంట వింటుంటే ఈ పాదం తట్టింది.

చచ్చినట్టివాఁడె చక్కఁ బాడె

మూసీగట్టు:
సారూ, ఈయన కోసం పాదం ఇస్తరని అనుకోలే. మొదటిది నాదే.

అగ్నిమాపకులకు నండగాఁ బాడెను
మిక్కుజోన్సు దూఁకె మెట్ల నెక్కి
నెల తిరిగినయంత నేలను వీడెను
చచ్చినట్టివాఁడె చక్కఁ బాడె

2002 నవంబరు 15, లండన్ల ఆక్టన్ టౌన్ హాలు. సమ్మెకు దిగిన ఫైర్ ఇంజన్ కార్మికుల కోసం పెట్టిన కచేరీ అది. క్లాష్‌ల పాత జోడీ మిక్ జోన్స్ జనం నడుమ నిలబడి చూస్తుండె. ఆఖర్ల ఆగలేక స్టేజీ ఎక్కిండు. ఇద్దరు ఒక్క స్టేజీ మీద పాడి ఎన్నేండ్లయిందో అప్పటికి. నెల దాటంగనే ఈయన లేడు.

విద్వద్గద్వాల:
సన్నివేశం ఎన్నుకోవడంలో మూసీగట్టు గారిది ఎప్పుడూ మంచి చూపు. కాని "వీడెను" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట; దాని మీద చకారం జకారమవుతుంది. దాని మీద "చచ్చిన" అని ఎట్లా నిలుస్తుంది? "జచ్చిన" కావాలి. అప్పుడు పూరించింది నిర్వాహకులిచ్చిన పాదాన్ని కాదు, మరో పాదాన్ని. గద్వాల సంస్థానంలో తిరుపతి వేంకట కవులు అవధానం చేసిన సభల్లో ఇటువంటిది ఎవరైనా చదివితే పృచ్ఛకులు అక్కడే ఆపేవారు.

మూసీగట్టు:
అక్కడ వాక్యం ఆగింది సారూ. విరామం ఉన్నది. ఆగినచోట సరళాదేశం, అంటే చ జ అవుడు, ఎందుకొస్తది?

విద్వద్గద్వాల:
పాదం చివర ఊపిరి తీసుకోవడం వేరు, సంధి వేరు. మీ మూడో పాదాన్ని ఇట్లా మార్చి చూడండి:

గుండె లోపముండి గుట్టుగఁ దెలియక
చచ్చినట్టివాఁడె చక్కఁ బాడె

"తెలియక" మీద చకారం కదలదు. మనిషి ఎట్లా పోయాడో కూడా వచ్చింది.

సరళాసాగరం:
గద్వాల సార్ సవరణ బాగున్నది, కానీ ఆ నెల రోజుల సంగతి పోయింది. మూసీగట్టు అన్న పద్యంల నాకు గుండె కలుక్కుమన్నది ఆ "నెల తిరిగినయంత" దగ్గర్నే. నేనైతే రెండూ దాచుకుంటా.

దేవరకొండ దుర్గం:
నాది.

పాత టేపు తీసి పాటనుఁ బెట్టఁగా
గొంతులోన నిప్పు గుండెఁ దడియు
నేఁబదేండ్లె బ్రతికి యెగసిన స్ట్రమ్మరు
చచ్చినట్టివాఁడె చక్కఁ బాడె

మూసీగట్టు:
దుర్గం అన్నా, రెండో పాదం బంగారం. కానీ టేపు పెడితే చచ్చినోడు పాడుడు అందరికీ తట్టే జవాబే. గ్రామఫోను వచ్చిన నాటి నుంచి ఉన్నదే కదా. ఇంకోటి, "యెగసిన" తర్వాత "స్ట్ర" ఉన్నది. మూడు హల్లుల కట్ట. ముందున్న "న" గురువయితదా లేదా?

దేవరకొండ దుర్గం:
కాదు తమ్మీ, సమాసం కాదు గద. లఘువే. నాలుగు లఘువుల గణం, నలం.

విద్వద్గద్వాల:
గురువనుకున్నా నగం (మూడు లఘువులు, ఒక గురువు) అవుతుంది, అదీ ఆటవెలదికి ఆ చోట కావలసిన ఇంద్రగణమే. ఎటు చదివినా నిలిచే చోట ఆ పేరును పెట్టారు దుర్గం గారు. పాదమంతా వెతికినా అంతకంటె భద్రమైన చోటు లేదు. "ఏఁబదేండ్లె" అన్నది మాత్రం వ్యవహారం, "ఏఁబది యేండ్లు" అనాలి. ఈసారికి దాని జోలికి పోను.

సరళాసాగరం:
నేను వనపర్తిల డిగ్రీ చదివేటప్పుడు మా అన్న క్యాసెట్టు తెచ్చిండు. మాటలు సగం కూడా అర్థం కాకపోయేది. కానీ ఆ గొంతు! సంగీతం నేర్చినోళ్ల గొంతు కాదది, అడ్డా మీద కూలి కోసం కొట్లాడేటోళ్ల గొంతు. క్లాష్ కంటె ముందు ఉకులేలే పట్టుకొని లండన్ భూగర్భ రైలు స్టేషన్ల మెట్ల కాడ పాడి చిల్లర అడిగిండు. అసలు పేరు జాన్ మెలర్. వేళ్లతోటి సన్నసన్నగ వాయించుడు రాదు, ఆరు తీగలు ఒక్కసారి బర్రున గీకుడే వచ్చు. అందుకే స్ట్రమ్మర్ అని తనకు తనే పేరు పెట్టుకున్నడు. రానిదాన్నే పేరుగా మెడల వేసుకున్న మనిషి. ఆయన మీద నాది ఇది (కార్డులంటే గిటారు మీద ఒక్కసారి మోగించే స్వరాల కట్టలు):

మూఁడు కార్డులైన ముందుకు దూఁకెను
నవ్వు వారి నవ్వు నవ్వనిచ్చె
మెట్లదారి నిలిచి మెలమెల్ల బిడియము
చచ్చినట్టివాఁడె చక్కఁ బాడె

పానగల్లు (నిర్వహణ):
అక్కా! బిడియము చచ్చినట్టివాఁడె!

దుందుభి:
నేను ఈ గుంపుల కొత్త. మూడు సార్లు చదివిన. మూడో పాదం ఆఖరు మాట వచ్చేదాకా ఏం జరుగుతుందో తెల్వనియ్యలేదు అక్క.

దేవరకొండ దుర్గం:
ఇంకో సంగతి చూడుండ్రి. "బిడియమును" అని ఉంటే గద్వాల సారు "జచ్చిన" అని పట్టుకుంటుండె. ప్రథమా విభక్తి మీద ఆపింది. చకారం మీద ఈగ వాలలేదు.

మూసీగట్టు:
అక్క పద్యం గొప్పది, ఒప్పుకుంటున్న. కానీ ఒక్క మాట అడగాలె. ఇయ్యాల ఆయన పోయిన రోజు. ఈ పద్యంల పోయినోడు ఏడి? చావును బిడియానికి అంటగట్టి మనిషిని బతికించేసినవు. విరుపు దొరికిందని సంతాపం పక్కన పెట్టొచ్చునా?

సరళాసాగరం:
తమ్మీ, ఆయన చచ్చిండని ఏడుస్తూ రాసే పద్యం నాకు రాదు. ఆయన చేసిన పనే అది. 1976ల క్లాష్ మొదలైనప్పుడు పాట నేర్చినోళ్లే స్టేజీ ఎక్కాలె అన్న భయం వేలమందికి ఉండె. దాన్ని చంపిండు. నాలో కూడా చంపిండు. స్కూల్ల వార్షికోత్సవంల మొదటిసారి మైకు ముందర నిలబడ్డప్పుడు నా చెవిల మోగింది ఆ గొంతే. నేను తలుచుకునే పోయినోడు ఆడ ఉన్నడు.

విద్వద్గద్వాల:
ఈ మాట సరళాసాగరం గారు పద్యం కింద రాయవలసిన పని లేదు, పద్యంలోనే ఉంది. మూసీగట్టు గారు గమనించాలి: 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ కవుల సంచిక తెచ్చింది తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగానే. 354 మంది కవులు. అందులో పండితులున్నారు, పేరు ఎవరూ వినని పల్లెటూరివాళ్లూ ఉన్నారు. ఎవరో వచ్చి అర్హత ఉందని చెప్పేదాకా ఆగలేదు. నేను క్లాష్‌ను వినలేదు, నిన్న రాత్రి మా మనవరాలు వినిపించింది. అరుపు ఎక్కువ. కాని ఆ అరుపులో అడగడం ఉంది.

మూసీగట్టు:
గద్వాల సారు స్ట్రమ్మర్‌ను విన్నరంటే ఇయ్యాల పండుగ. కానీ సారూ, ఆ పల్లెటూరోళ్ల మీద ఇంత ప్రేమ ఉంటే ఎండాకాలం నా ఇసుక పద్యాన్ని ఎందుకు కొట్టేసిండ్రు? కొత్తోళ్లకు తెల్వదు కాబట్టి పెడుతున్న. అప్పటి సమస్య "నీరు లేని యేరు నిండి పాఱె".

ఇసుక లారి వెనుక నింకొక లారితో
నీరు లేని యేరు నిండి పాఱె

విద్వద్గద్వాల:
కొట్టివేయలేదు. "లారీ" దీర్ఘాంతం అన్నాను. ఇప్పుడూ అంటాను.

దుందుభి:
సార్, మా ఏరు అట్లనే పారుతది. అది నాకు సమస్య లెక్క కాదు, వార్త లెక్క అనిపించింది.

పానగల్లు (నిర్వహణ):
ఇసుక ముచ్చట ఇంకో రోజు. ఇయ్యాల స్ట్రమ్మర్ దగ్గరికి రాండ్రి.

దేవరకొండ దుర్గం:
అక్క మాట, మూసీగట్టు మాట రెండూ విని ఇది రాసిన. ఇంతకుముందుది తీసెయ్యను, ఇది వేరే.

ఎడమచేతివాఁడు కుడిచేతఁ గొట్టిన
తీగ లాఱు కలసి తేజరిల్లె
వెఱపు మొదటఁ జచ్చె వెనుకనె స్ట్రమ్మరు
చచ్చినట్టివాఁడె చక్కఁ బాడె

దుందుభి:
దుర్గం సార్, మొదటి పాదంల ఎ, కు. యతి తప్పింది కదా?

విద్వద్గద్వాల:
తప్పలేదు నాయనా. ఎడ, కుడి. రెండో అక్షరం రెండింటా డకారమే, ప్రాసయతి. ఎడమకూ కుడికీ ప్రాస కలవడం భాష ఇచ్చిన వరం, దాన్ని ఆయన వాడుకున్నారు. స్ట్రమ్మర్ ఎడమచేతివాటం మనిషి అన్నది నిజమేనా?

దేవరకొండ దుర్గం:
నిజం సారూ. ఎడమచేతివాటం, కానీ గిటార్ కుడిచేతివాళ్ల లెక్కనే పట్టేటోడు. ఆయన వాయించుడు వేరే తీరుగ ఉండుడు అందుకేనంటరు. ఆ కొట్టుడు వింటే తెలుస్తది, చీపురుతోటి వాకిలి ఊడ్చినట్టు ఉంటది.

మూసీగట్టు:
అన్నా, "వెఱపు మొదటఁ జచ్చె వెనుకనె స్ట్రమ్మరు". ఇప్పుడు చచ్చినోడు ఉన్నడు. నేను అడిగింది ఇదే. అక్క విరుపును తీసుకొని అందుల మనిషిని పడుకోబెట్టినవు.

సరళాసాగరం:
నాకు కూడా సంతోషమే దుర్గం అన్నా. కానీ నా పద్యంల ఆయన పడుకోడు.

దుందుభి:
ఒక అనుమానం. ఇందరు రాసిండ్రు, ఎవ్వరూ గిటారు అనలే. తీగలు, కార్డులు, టేపు అంతే. ఎందుకు?

విద్వద్గద్వాల:
"గిటారు" జగణం (లఘువు, గురువు, లఘువు). గణం మొదట పెడితే ఆటవెలదిలో ఇమడదు. కాని ముందు మాటతో కలిపి విరిస్తే కూర్చుంటుంది. "తన గిటారు" అని మొదలుపెట్టి చూడు.

దుందుభి:
రెండు పాదాలు వచ్చినయి సార్. వీడియోల ఆయన ఎడమకాలు ఎట్ల ఊగుతదో చూసి రాసిన. నల్ల టెలికాస్టర్ గిటారు మెడల ఉంటది, కాలు నేలను దంచుతనే ఉంటది, తల మైకు మీదికి ఒరుగుతది.

తన గిటారు నల్లదాని మెడను వేసి
కాలు నేలఁ దట్టి కదలు వాఁడు

మూడో పాదం దొరుకుతలేదు. అక్క "బిడియము" తీసుకున్నది, దుర్గం సార్ "వెఱపు" తీసుకున్నరు. ఇంక చచ్చేది ఏం మిగిలింది?

పానగల్లు (నిర్వహణ):
తొందర వద్దు తమ్మీ. ఒక ముచ్చట చెప్త. 1981ల న్యూయార్క్‌ల బాండ్స్ అనే హాల్ల క్లాష్ ఎనిమిది కచేరీలు అనుకున్నది. హాలు పట్టేదానికంటే ఎక్కువ టికెట్లు అమ్ముడుపోయినయి, లోపలికి పంపుడు కుదరదన్నరు. టికెట్ కొన్నోళ్లను ఉత్తగ పంపొద్దని పదిహేడు కచేరీలు చేసిండ్రు. 1979ల రెండు రికార్డుల లండన్ కాలింగ్‌ను ఒక్క రికార్డు ధరకు అమ్మించింది కూడా వీళ్లే. కొనేటోడి జేబు గురించి ఇంత ఆలోచించిన బృందం నాకింకోటి తెల్వదు.

విద్వద్గద్వాల:
పదిహేడు కచేరీలా? అయితే చచ్చేది ఇంకొకటి మిగిలింది. దుందుభి, నీ రెండు పాదాల కింద ఇది పెట్టుకో:

తన గిటారు నల్లదాని మెడను వేసి
కాలు నేలఁ దట్టి కదలు వాఁడు
రేయి రేయి పాడి రేఁగిన గొంతుక
చచ్చినట్టివాఁడె చక్కఁ బాడె

సరళాసాగరం:
గొంతుక చచ్చినట్టివాఁడె! సారూ, ఆ బొంగురు గొంతుకు ఇంతకంటె సరైన మాట లేదు. నిన్న రాత్రి ఒక్కసారి విని ఇది పట్టిండ్రు మీరు. నా పద్యం కంటె ఇది ముందుండాలె.

దుందుభి:
సార్, పద్యం కింద నా పేరు ఒక్కటే పెడితే అన్యాయం.

విద్వద్గద్వాల:
గిటారును ఎక్కించింది నువ్వు. నీ పేరే ఉండనీ.

మూసీగట్టు:
గద్వాల సారుకు చేతులెత్తి మొక్కుతున్న, ఇది మనసుల నుంచి అంటున్న. ఆక్టన్ పద్యంల మీ సవరణ కూడా కింద రాసుకున్న, నా మూడో పాదం పక్కన్నే. కానీ సారూ, "రేఁగిన గొంతుక" అని దుమ్ము కొట్టుకపోయిన గొంతును ఒప్పుకున్నోళ్లు, ఇసుక మోసే బండిని "లారి" అంటే ఒప్పుకోరా?

విద్వద్గద్వాల:
దీర్ఘమే.