టిప్పర్ ఢీకొన్న కూలీకి పరిహారం ఏ చట్టం కింద అడగాలి?

ప్రశ్న:
మా తమ్ముడికి 35 ఏళ్లు. రోడ్డు వెడల్పు పనిలో కూలీగా ఉండగా 2025 మార్చిలో, కంకర దింపడానికి వెనక్కి వస్తున్న టిప్పర్ ఢీకొని కుడికాలు నుజ్జయింది. రివర్స్ హారన్ మోగలేదు, వెనక నిలబడి సైగ చేసే మనిషీ లేడు. టిప్పర్ తనది కాదని, పైగా రిఫ్లెక్టర్ జాకెట్ వేసుకోకపోవడం మావాడి తప్పేనని కాంట్రాక్టర్ అంటున్నాడు. ఆ జాకెట్లు అక్కడ ఎవరికీ ఇవ్వనేలేదు. పరిహారం ఎవరిని, ఎక్కడ అడగాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
మీకు రెండు దారులున్నాయి, ఒకటి కార్మిక శాఖ కమిషనర్, రెండోది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్, కానీ మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ ప్రకారం ఒకటే ఎంచుకోవాలి. ఎంచుకున్నాక రెండోదానికి మారడం కుదరదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద కార్మిక శాఖలోని కమిషనర్ దగ్గరకు వెళ్తే డ్రైవర్ తప్పును రుజువు చేయనక్కర్లేదు, పనిలో ఉండగా పని కారణంగానే గాయమైందని చూపిస్తే చాలు. టిప్పర్ ఎవరిదన్నది అక్కడ అడ్డంకి కాదు. కూలికి పెట్టుకున్నది సబ్ కాంట్రాక్టరే అయినా 12వ సెక్షన్ కింద పని అప్పగించిన అసలు యజమానినీ అడగవచ్చు. ఇక జాకెట్ వాదన అంటారా, ఇచ్చిన రక్షణ సాధనాన్ని కావాలని పక్కన పెట్టినప్పుడే యజమానికి పరిహారం నుంచి మినహాయింపు వర్తిస్తుంది, అసలు ఇవ్వనిదానికి కాదు.

జవాబు 2:
లెక్క నేను చెబుతాను. ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో నెల జీతాన్ని 15,000 రూపాయలకు మించి పరిగణించరు. అందులో 60 శాతమైన 9,000ను 35 ఏళ్ల వయసుకు నిర్దేశించిన గుణకం 197.06తో హెచ్చిస్తే 17,73,540 వస్తుంది. సంపాదన శక్తి 30 శాతం తగ్గిందని డాక్టర్ ధ్రువీకరిస్తే దానిలో 30 శాతం, అంటే 5,32,062 రూపాయలు దక్కుతాయి. వైద్యం ఖర్చు వేరు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో జీతానికి ఆ పరిమితి లేదు కాబట్టి మేస్త్రీలాగా ఎక్కువ కూలి వచ్చేవారికి అదే మేలని నా అభిప్రాయం. అయితే అక్కడ 166వ సెక్షన్ కింద నిర్లక్ష్యాన్ని నిరూపించాలి, ఆరు నెలల్లోపే దరఖాస్తు చేయాలి, అంటే మీకు సెప్టెంబరు వరకే గడువు. కమిషనర్ దగ్గరైతే రెండేళ్లు.

జవాబు 3:
ముందు ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకుని చదవండి. దారిన పోయే మనిషిని ఢీకొన్నట్టు రాసి ఉంటే, అతడు పనిలో ఉన్నాడని తోటి కూలీల చేత వాంగ్మూలం ఇప్పించండి. పని ముగిస్తే వాళ్లు మళ్లీ దొరకరు. హాజరు పుస్తకం కాంట్రాక్టర్ చేతిలో ఉంటుంది కనుక, కూలి డబ్బు ఖాతాలో పడిన వివరాలు భద్రపరచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఎఫ్‌ఐఆర్‌లో పాదచారి అనే ఉంది. తోటి కూలీలు ఇంకా ఇక్కడే ఉన్నారు, వాళ్లను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్తాను.