షూరిటీ సంతకానికి కోర్టు సమన్లు, ఇంకోపక్క మనకి రావాల్సిన ప్రోనోటు బాకీ.. ఈ మాటలకి అర్థం చెప్తారా

అంబర్‌పేట_అబ్బాయి:
అందరికీ నమస్తే. మా మేనత్త కొడుకు బ్యాంకులో పర్సనల్ లోన్ తీసుకున్నప్పుడు మా నాన్న షూరిటీ సంతకం పెట్టారు. బావ సగం దాకా కట్టాడు, వ్యాపారం దెబ్బతిన్నాక ఆపేశాడు, ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తట్లేదు. మొన్న సిటీ సివిల్ కోర్టు నుంచి నాన్న పేరు మీద సమన్లు వచ్చాయి, అందులో బావ మొదటి ప్రతివాది, నాన్న రెండో ప్రతివాది అని ఉంది. తెలిసిన లాయర్‌కి ఫోన్ చేస్తే ఎక్స్‌పార్టీ, డిక్రీ, ఈపీ, అటాచ్‌మెంట్ అని గబగబా చెప్పి పెట్టేశారు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాన్న గవర్నమెంట్ రిటైర్డ్, పెన్షన్ మీదే ఇల్లు నడుస్తుంది, సొంతిల్లు ఉంది. పోలీసులు వచ్చి నాన్నని తీసుకెళ్తారేమో అని అమ్మ ఒకటే ఏడుపు.

ఇంకోటి, నాన్నే రెండున్నరేళ్ల కింద కాలనీలో ఒకాయనకి ప్రోనోటు మీద 3 లక్షలు ఇచ్చారు. గట్టిగా అడిగితే "ఐపీ పెడతా, ఏం చేసుకుంటారో చేసుకోండి" అంటున్నాడు. ఐపీ పెడితే ఇక డబ్బులు పోయినట్టేనా?

సివిల్_వకీల్_హైదరాబాద్:
ముందు అమ్మగారికి చెప్పండి, పోలీసులు రారు. ఇది సివిల్ దావా, అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. చెక్కు బౌన్స్ అయితే సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు అవుతుంది, అది వేరే దారి, మీ కాగితాల్లో ఆ ఊసు లేదు కదా.

ఇప్పుడు ఒక్కొక్కటీ. సమన్లు అంటే "నీ మీద దావా పడింది, ఫలానా తేదీకి వచ్చి నీ మాట చెప్పుకో" అని కోర్టు పిలవడం, అంతే, శిక్ష కాదు. మీ నాన్నగారు చెప్పుకోవాల్సింది రాసి ఇస్తే అది రిటన్ స్టేట్‌మెంట్, సమన్లు అందిన రోజు నుంచి 30 రోజుల్లో వెయ్యాలి, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా పొడిగిస్తుంది. అది వెయ్యకుండా, వాయిదాకి పోకుండా ఊరుకుంటే బ్యాంకు చెప్పిందే విని తీర్పు ఇచ్చేస్తారు, దాన్నే ఎక్స్‌పార్టీ అంటారు. నేను పురానీ హవేలీ కోర్టులో రోజూ చూసేది ఇదే, అప్పు లెక్కలో తేడా ఉన్నా, కట్టిన వాయిదాలు కలపకపోయినా అడిగే మనిషి ఎదురుగా ఉండడు. తర్వాత అది రద్దు చేయించాలంటే 30 రోజుల్లోపు సరైన కారణం చూపించాలి, అది మళ్లీ ఇంకో పోరాటం.

డిక్రీ అంటే ఇంత డబ్బు, ఇంత వడ్డీ ఇవ్వాలి అని కోర్టు తేల్చిన తీర్పు తాలూకు ఆర్డరు. డిక్రీ వచ్చినా కట్టకపోతే దాన్ని అమలు చెయ్యమని వేసేదే ఈపీ, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్, దానికి బ్యాంకుకి 12 ఏళ్ల టైముంది. ఆ ఈపీలోనే అటాచ్‌మెంట్, అంటే జప్తు, వస్తుంది. గవర్నమెంట్ పెన్షన్‌నీ పీఎఫ్‌నీ జప్తు చెయ్యకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 లోనే ఉంది. ఒంటి మీద బట్టలు, వంట సామాను కూడా ముట్టుకోరు. కానీ సొంతిల్లుకి అలా రక్షణ లేదు, ఇది మీకు నచ్చకపోయినా చెప్పాలి. ఇల్లు తాకట్టులో లేదు కాబట్టి బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి నేరుగా స్వాధీనం చేసుకోవడం కుదరదు, డిక్రీ తెచ్చుకుని ఈపీలోనే రావాలి.

డిక్రీ బాకీకి సివిల్ జైలు అనేది ఒకటుంది నిజమే, కానీ స్తోమత ఉండి కూడా ఎగ్గొడుతున్నాడని కోర్టుకి తేలితేనే, ఉత్తినే లేనివాడిని పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980 లోనే చెప్పింది.

షూరిటీ గురించి చాలామంది పొరబడతారు, ముందు అప్పు తీసుకున్నవాణ్ని అడిగి, అతను ఇవ్వకపోతేనే మన దగ్గరికి రావాలి అనుకుంటారు. కాదు. మామూలుగా ఇద్దరి బాధ్యతా సమానం, బ్యాంకు ఎవరి మీదకైనా రావచ్చు. నాన్నగారు కడితే మాత్రం ఆ మొత్తం బావ దగ్గర వసూలు చేసుకునే హక్కు ఆయనకి వస్తుంది, అందుకే కట్టే ప్రతి రూపాయికీ రసీదు ఆయన పేరు మీదే ఉండాలి.

మోండా_మార్కెట్_దుకాణం:
అన్నా ప్రోనోటు ముచ్చట నేను చెప్త, మా బజార్ల అప్పులన్నీ నోట్ల మీదనే నడుస్తయి. నోటు మీద తేదీ నుంచి 3 ఏండ్లు, దాన్నే లిమిటేషన్ అంటరు, అది దాటినంక పోతే నోటు నిజమే అయినా దావా నిలవది. మీకు రెండున్నరేండ్లు అయిపోయింది అంటున్నవ్ కాబట్టి ఆగుడు అస్సలు మంచిది కాదు. మధ్యల ఏమన్న పైసలు ఇచ్చిండా ఆయన?

అంబర్‌పేట_అబ్బాయి:
ఈమధ్యనే 20 వేలు ఫోన్‌పేలో వేశాడు అన్నా, నోటు మీద ఏమీ రాయించుకోలేదు.

మోండా_మార్కెట్_దుకాణం:
అయితే ఎంటనే పో. నోటు తిప్పి వెనక "ఈ నోటు బాకీ కింద రూ. 20,000 చెల్లు" అని, పైసలు ఇచ్చిన తేదీతోని ఆయన చేతనే రాయించి, కింద సంతకం పెట్టియ్యి. చెల్లు పడితే ఆ తేదీ నుంచి మళ్లా 3 ఏండ్లు కొత్తగ మొదలైతయి. రాయను అంటే బతిమాలుకుంట కూసోకు, గడువు లోపట్నే దావా ఎయ్యి. నోటు ఒరిజినల్ మాత్రం ఎవ్వరి చేతికి ఇయ్యకు, జిరాక్స్ సూపెట్టు.

సివిల్_వకీల్_హైదరాబాద్:
చెల్లు మాట నూటికి నూరు పాళ్లు కరెక్ట్. ఇక ఐపీ, అంటే దివాలా పిటిషన్. మామూలు మనుషులకి మన దగ్గర ఇప్పటికీ 1920 నాటి చట్టమే. పిటిషన్ వేసినంత మాత్రాన అప్పు మాఫీ కాదండి, ఆయన అప్పులవాళ్లందరి లిస్టూ, ఆస్తుల లిస్టూ కోర్టుకివ్వాలి, మీకూ నోటీసు వస్తుంది, మీరు పోయి అభ్యంతరం చెప్పొచ్చు. ఐపీకి ముందు రెండేళ్లలో ఇల్లు భార్య పేరునో బామ్మర్ది పేరునో ఉత్తపుణ్యానికి రాసేసి ఉంటే దాన్ని రద్దు చేయించే వీలుంది. ఐపీ నోటీసు వస్తే చింపి పడెయ్యకండి, మీ బాకీ రుజువు అక్కడ పెట్టకపోతే పంపకంలో మీకు వాటా రాదు.

రిటైర్డ్_బ్యాంక్_అక్క:
బాబూ, నేను రికవరీ సెక్షన్‌లో పనిచేశాను, ఆ వైపు నుంచి ఒక మాట. వాయిదా 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతాని ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అంటారు, ఆ తర్వాత బ్యాంకు కూడా ఎంతో కొంత తగ్గించుకుని తేల్చుకోవాలనే చూస్తుంది. ఓటీఎస్ అడగండి, వన్ టైమ్ సెటిల్‌మెంట్, అది నోటిమాటగా ఒప్పుకోకండి, బ్రాంచి లెటర్‌హెడ్ మీద తీసుకోండి. దావా నడుస్తుండగానే లోక్ అదాలత్‌లో రాజీ పడొచ్చు, అక్కడ ఇచ్చే అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కాబట్టి అంకె బాగా చూసుకుని సంతకం పెట్టించండి. బావని కూడా వెతికి తీసుకెళ్లండి, భారం మొత్తం పెద్దాయన మీద వెయ్యడం అన్యాయం. తగ్గించి కడితే సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర రికార్డులో, "క్లోజ్డ్" అని కాక "సెటిల్డ్" అని పడుతుంది, అది నాన్నగారికి ముందే చెప్పండి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంక్ రూలు, చేస్తే టైముతో సహా రాసిపెట్టుకుని కంప్లైంట్ ఇవ్వండి. అమ్మని జాగ్రత్తగా చూసుకో నాన్నా.

అంబర్‌పేట_అబ్బాయి:
అక్కా, వకీలు గారూ, అన్నా, చాలా థాంక్స్. అమ్మకి చదివి వినిపించాను. సోమవారం నాన్నతో కోర్టుకి వెళ్తున్నా, ఏమేం తీసుకెళ్లాలి?

సివిల్_వకీల్_హైదరాబాద్:
సమన్లు, ప్లెయింట్ (బ్యాంకు వేసిన దావా కాగితం) కాపీ, సమన్లు అందిన తేదీ, లోన్ అగ్రిమెంట్, బావ కట్టిన వాయిదాల స్టేట్‌మెంట్. వకాలత్, అంటే మీ తరఫున లాయర్ వాదించడానికి నాన్నగారు సంతకం చేసే పత్రం, ఆరోజే వేయించండి.