‘నేటివ్ యాప్’ని స్థానికం అనాలా, దేశ్యం అనాలా?

డెస్క్‌టాప్ యాప్‌ల గురించి తెలుగులో రాస్తూ ‘నేటివ్ యాప్’ (ఆయా సిస్టమ్ సొంత భాగాలతోనే కట్టిన యాప్) దగ్గర ఆగిపోయాను. ‘స్థానిక’ అని రాయడం అలవాటైంది కానీ, లోకల్‌కీ అదే మాట వాడుతున్నాం కదండీ. వెబ్ పేజీనే డెస్క్‌టాప్ యాప్‌గా చేసే ‘ఎలక్ట్రాన్’ అనే సాధనంతో తయారైన యాప్ కూడా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, నెట్ లేకపోయినా తెరుచుకోగలదు. అంటే అదీ స్థానికమే. నేటివ్ మాత్రం కాదు.

దీనికి మన వ్యాకరణంలోని తత్సమం, తద్భవం, దేశ్యం అనే పాత విభజనే సరిపోతుందని నా నమ్మకం. విండోస్, మాక్‌ల సొంత బటన్లు, మెనూలతో కట్టినది దేశ్యం, ‘చెట్టు’ లాంటిది. ఎలక్ట్రాన్ యాప్ తత్సమం. ‘వృక్షః’ని తెచ్చి ‘ము’ చేర్చి వృక్షము అన్నట్టు, వెబ్ పేజీని ఉన్నదున్నట్టు తెచ్చి విండో, మెనూ, ఐకాన్ తగిలిస్తారు. తత్సమంలో ఉన్న సుఖం కూడా అదే: ఒకే మాట ఎన్నో భాషల్లో చెల్లుతుంది. ఒకసారి రాసిన కోడ్ విండోస్, మాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. 2013లో కోడ్ రాసుకునే ఆటమ్ ఎడిటర్ కోసం మొదలై, 2015లో ఎలక్ట్రాన్‌గా పేరు మారిన ఈ పద్ధతి ఇంతగా పాకింది అందుకే.

బరువు సంగతీ చెప్పాలి. ప్రతి ఎలక్ట్రాన్ యాప్ తన క్రోమియంని (క్రోమ్‌కి మూలమైన బ్రౌజర్‌ని) తనే మోసుకొస్తుంది. నాలుగు యాప్‌లు తెరిస్తే నాలుగు బ్రౌజర్లు తెరిచినట్టే. క్రోమియంలో భద్రతా లోపం బయటపడితే యాప్ చేసినవాళ్లంతా ఎవరికి వారు కొత్త వెర్షన్ ఇవ్వాలి. ర్యామ్ కన్నా నాకు ఇదే పెద్ద టెన్షన్.

వ్యాఖ్య: మరి ఎలక్ట్రాన్ లాంటిదే అయిన టౌరీ తద్భవమా అండీ? సైజు బాగా తగ్గుతుందిగా.

జవాబు: సైజు తగ్గడం వేరు, రూపం మారడం వేరండీ. టౌరీ బ్రౌజర్‌ని మోయదు, సిస్టమ్‌లో ముందే ఉన్న వెబ్‌వ్యూని, అంటే వెబ్ పేజీలు చూపించే భాగాన్ని, వాడుకుంటుంది. పేజీ పేజీగానే ఉంటుంది, కాబట్టి తత్సమమే. పైగా ఆ వెబ్‌వ్యూ విండోస్‌లో క్రోమియం, మాక్‌లో సఫారీ వాడే వెబ్‌కిట్. పేజీ రెండుచోట్లా ఒకేలా కనబడుతోందో లేదో చూసుకోవాలి. తద్భవమంటే ‘అగ్ని’ ‘అగ్గి’ అయినట్టు మారాలి. యాప్‌లు కట్టే మరో సాధనం రియాక్ట్ నేటివ్ అలాంటిది: కోడ్ జావాస్క్రిప్ట్, తెరమీది బటన్ సిస్టమ్‌ది.

వ్యాఖ్య: ‘దేశ్య యాప్’ అంటే మన దేశంలో తయారైనది అనుకోరా?

జవాబు: ఆ భయం నాకూ ఉందండీ. అందుకే మొదటిసారి వాడేచోట ‘నేటివ్’ అని కూడా పక్కనే రాస్తాను. అయినా ‘స్థానిక’తో వచ్చే తికమక కంటే ఇదే నయం. అక్కడ తప్పుగా అర్థం చేసుకున్నామని చదివేవాళ్లకి తెలియనే తెలియదు.