దువ్వెన డబ్బా తీస్తే చాలు, మంచం కిందికి దూరుతోంది మా మల్లి

మల్లివాళ్లమ్మ (నల్లగొండ):
మా పొమేరియన్ కుక్క మల్లికి మూడేళ్లు. తెల్లగా పత్తిబుట్ట లెక్క ఉంటుంది. సంక్రాంతికి ముందు నుంచీ ఒకటే తంటా. దివాను మీద కూర్చోబెట్టి దువ్వుతుంటే బొచ్చంతా నిక్కబొడుచుకుంటోంది, చిటచిట చప్పుడొస్తోంది. మొన్న ముక్కు దగ్గర వేలు పెట్టగానే ఇద్దరికీ చిటుక్కున షాక్ కొట్టింది. కుయ్యిమని దూకి మంచం కిందికి పోయింది. అప్పటి నుంచి దువ్వెన డబ్బా మూత చప్పుడైతే చాలు, మాయం.

ఇంట్లో కరెంటు లీకవుతుందేమోనని మా ఆయనకు టెన్షన్. ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్తే, గోడలన్నీ టెస్టర్‌తో చూసి ఏమీ లేదని రెండు వందలు తీసుకుని పోయాడు. వానాకాలంలో ఇదే దువ్వెన, ఇదే దివాను. అప్పుడేమీ కాలేదు మరి!

వైర్లపని (జడ్చర్ల):
అక్కా, అది ఇంటి కరెంటు కాదు. లీకేజీ అయితే ముట్టుకున్నంతసేపూ జిలజిలమంటుంది. ఇది ఒక్క చిటుకుతో అయిపోతుంది. ప్లాస్టిక్ దువ్వెన రాసుకున్నప్పుడు బొచ్చులోని ఎలక్ట్రాన్లు దువ్వెనకు పోతాయి. వెంట్రుకలన్నిటికీ ఒకే రకం చార్జి మిగులుతుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మన చేతికి తెలిసేంత షాక్ కొట్టాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. అంకె చూసి భయపడకండి, చార్జి చాలా కొద్దిగా ఉంటుంది, ప్రమాదం లేదు.

వానాకాలంలో గాలిలో తేమ ఉంటుంది కాబట్టి చార్జి నిలవదు. ఎండాకాలం గాలి పొడిదే గానీ కూలర్ నడుస్తుంది, చేతులకు చెమట. చలికాలం రెండూ ఉండవు. ఇంతకీ దివాను కవర్ ఏం బట్ట? దువ్వేటప్పుడు కాళ్లకు చెప్పులుంటాయా?

మల్లివాళ్లమ్మ:
పాలిస్టర్, వెల్వెట్ లాంటిది. మడమలు పగులుతాయని ఇంట్లోనూ రబ్బరు చెప్పులే తమ్మీ.

వైర్లపని:
అయితే దొరికింది. కింద పాలిస్టర్, మీ కాళ్లకు రబ్బరు. చార్జి పోవడానికి దారే లేదు.

బియ్యంమిల్లు (మిర్యాలగూడ):
బట్టలకు కలిపే వాసన నీళ్లుంటాయి కదా, మెత్తబడటానికి. రెండు చుక్కలు కలిపి బొచ్చు మీద చల్లండి. మా చీరలకు అలాగే చేస్తాం, ఒంటికి అతుక్కోవు.

ఇద్దరు పొమేరియన్ల ఇల్లు (సూర్యాపేట):
అన్నా, దయచేసి అది వద్దు. చీర తనను తాను నాక్కోదు, కుక్క నాక్కుంటుంది. వాటిలోని రసాయనాలు నోరు, నాలుక పొక్కేలా చేస్తాయి. కొబ్బరినూనె కూడా వద్దు, దుమ్మంతా పట్టి ఉండలు కడుతుంది. నేను ఒకసారి రాసి, మూడు రోజులు కడిగాను.

అమ్మా, మంచినీళ్లు చాలు. పొడి బొచ్చును అసలు దువ్వకండి, వెంట్రుక తెగుతుంది కూడా. స్ప్రే సీసాతో ముఖం మీద కొట్టకండి, ఆ చప్పుడుకే ఇంకా బెదురుతుంది. చేయి తడిపి ఒళ్లంతా నిమరండి, తరువాత స్టీలు పళ్ల దువ్వెన. ముందు అరచేయి వీపు మీద ఆనించి, అక్కడే ఉంచి దువ్వండి. ముక్కును ముట్టుకోవద్దు, తడిగా ఉంటుంది, షాక్ అక్కడే తగులుతుంది. మనుషుల షాంపూతో వారంవారం స్నానం చేయిస్తుంటే మానేయండి. చర్మం మీది నూనె పోయి బొచ్చు ఎండుగడ్డి అవుతుంది.

మల్లివాళ్లమ్మ:
షాంపూ సంగతి మీకెలా తెలిసిందో గానీ, నిజమే.

ఆదివారం దివాను మానేసి వసారాలో షాబాద్ బండల మీద కూర్చున్నా, చెప్పుల్లేకుండా. కింద పాత నూలు చీర పరిచాను. ఉడకబెట్టిన గుడ్డు ముక్క చూపిస్తే పావుగంటకు మంచం కింద నుంచి బయటికొచ్చింది. తడి చేత్తో నిమిరి, దువ్వెన ఆనించా. చప్పుడు లేదు. గుడ్డు అయిపోయేలోపు ఎడమ పక్క ఒక్కటే దువ్వించుకుంది. కుడి పక్కకు రేపు ఇంకో గుడ్డు ఉడకబెట్టాలి.