సాగర్ హిల్ కాలనీలో పైఅంతస్తు గదులు టూరిస్టులకు ఇద్దామనుకుంటున్నాం, ఏయే పర్మిషన్లు కావాలి?

హిల్‌కాలనీ కోడలు

నమస్తే అందరికీ. మేముండేది నల్గొండలో. మా మామయ్యగారికి నాగార్జునసాగర్ హిల్ కాలనీలో ఇల్లుంది, కాగితాలన్నీ ఆయన పేరు మీదే. కింద అత్తయ్య, మామయ్య ఉంటారు. పైన రెండు గదులు, వాటికి విడిగా మెట్లు. మొన్నటిదాకా ఒక బ్యాంకు ఉద్యోగికి అద్దెకిచ్చాం, ఆయన ట్రాన్స్‌ఫరై వెళ్లిపోయారు. డ్యాం గేట్లెత్తినప్పుడు శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి వచ్చే జనానికి రూములు దొరకవు కదా, నెల అద్దెకన్నా రోజువారీ ఇస్తే నయం అంటున్నారు మా ఆయన.

రూములు బుక్ చేసే ఒక యాప్ వాళ్లతో మాట్లాడితే "ఆధార్, బ్యాంకు వివరాలు, ఫొటోలు చాలు మేడం, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. పక్కింటాయనేమో "లాడ్జి లైసెన్సు లేకుండా నడిపితే పోలీసులొస్తరు" అని మామయ్యకు చెప్పిపోయారు. అప్పటినుంచి ఆయనకు ఒకటే టెన్షన్. జంటలు వస్తే ఏం చేయాలి అని ఇంకో బెంగ. పైగా ఆ ఇంటికి ఇప్పుడు జీరో బిల్లు (నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు) వస్తోంది, అది పోతుందా? జీఎస్టీ కట్టాలా? దరఖాస్తులన్నీ నా పేరు మీద పెట్టేస్తే పెద్దవాళ్లకు తిరుగుడు తప్పుతుంది కదా అని కూడా ఆలోచిస్తున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత లైన్ ఇన్‌స్పెక్టర్

అమ్మా, నేను కరెంటు డిపార్టుమెంటులో చేసి రిటైరైనవాణ్ణి. ముందు మీ చివరి మాటకే జవాబు చెప్తాను. మీ పేరు మీద వద్దు. ఆ ఇంట్లో ఎవరుంటున్నారో వాళ్ల పేరు మీదే అన్నీ పెట్టండి.

కేంద్ర పర్యాటక శాఖకు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే పథకం ఒకటుంది. ఒకటి నుంచి ఆరు గదుల దాకా తీసుకుంటారు, గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు. అందులో అసలు షరతు ఏందంటే, ఇంటి యజమాని కుటుంబంతో అదే ఇంట్లో కాపురముండాలి. మీరు నల్గొండలో ఉండి మీ పేరు రాస్తే చూడటానికి వచ్చినవాళ్లు "యజమాని ఎక్కడ" అనడుగుతారు. మామయ్యగారి పేరుంటే ఆయనే తలుపు తీస్తారు. ఈ గుర్తింపు తప్పనిసరి కాదు, ఇష్టమైతేనే. అయినా తీసుకోమనే అంటాను. అది చేతిలో ఉంటే మీది లాడ్జి కాదు, మనుషులున్న ఇల్లు అని ఏ ఆఫీసులోనైనా చెప్పుకోవడానికి ఒక ఆధారం. కింద ఎవరూ లేకుండా తాళంచెవి వాచ్‌మన్ చేతికిచ్చి నడిపే ఇంటిని మాత్రం ఎవరైనా గెస్ట్‌హౌసనే అంటారు, దానికి మీ పక్కింటాయన మాటే కరెక్టు.

ఇక మీటరు సంగతి. జీరో బిల్లు ఇంటి వాడకానికి ఇచ్చింది. 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే, అది మీకూ తెలుసు. దానికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. లాడ్జిలు, గెస్ట్‌హౌసులు వచ్చేది కమర్షియల్ కేటగిరీలోకి. ఇంటి సర్వీసు మీద వ్యాపారం నడుస్తోందని తనిఖీలో తేలితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో అసెస్‌మెంట్ వేస్తారు. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి 12 నెలలకు లెక్కగడతారు. మాకెలా తెలుస్తుందని చాలామంది అనుకుంటారు. ఏళ్ల తరబడి నెలకు 120 యూనిట్లు దాటని సర్వీసు ఆగస్టులో 400 కొడితే బిల్లు తీసే పిల్లగాడికే అర్థమవుతుంది. దానికి తోడు గేటుకు రూములున్నాయని బోర్డు, యాప్‌లో గదుల ఫొటోలు. ఇంకేం దాచారు?

కాబట్టి పైఅంతస్తుకు వేరే మీటరు పెట్టించండి. విడి మెట్లున్నాయి కాబట్టి వైరింగ్ కూడా విడదీస్తే అడగడం సులువు. కరెంటాఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి తెల్లకాగితం మీద రాసివ్వండి, రెండు గదులు టూరిస్టులకు ఇస్తున్నాం, యజమాని కిందే ఉంటున్నారు, ఏ కేటగిరీలో ఇస్తారు అని. నోటిమాటగా అడగొద్దు. దరఖాస్తు మీద ముద్ర వేయించుకుని జిరాక్సు దాచుకోండి. కింది మీటరు కింద అలాగే ఉంటుంది, అత్తయ్యగారి జీరో బిల్లుకు పైవాళ్ల ఏసీ అడ్డం రాదు.

లోడు సంగతి కూడా చెప్పాలి. రెండు ఏసీలు, రెండు గీజర్లు కలిస్తే ఏడు కిలోవాట్లకు అటూ ఇటూ అవుతుంది. పాత ఇళ్లలో శాంక్షన్ లోడు, అంటే మంజూరైన లోడు, ఒకటో రెండో కిలోవాట్లు ఉంటుంది. అదనపు లోడుకు డబ్బు కట్టి, బాత్రూం లైనుకు ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ పెట్టించాకే గదులు తెరవండి. ఊరుకాని ఊరి నుంచి వచ్చినవాళ్లు తడి చేత్తో గీజరు స్విచ్ వేస్తారు. ఏమన్నా అయితే అప్పుడు లైసెన్సు కాదు, కేసు గురించి మాట్లాడుకోవాల్సి వస్తుంది.

ట్రేడ్ లైసెన్సు నందికొండ మున్సిపాలిటీలో తీసుకోవాలి. రోడ్డు వెడల్పు, మీరు వాడే చదరపు అడుగులను బట్టి ఫీజు, ఏటా రెన్యువల్. ఇంటిపన్నులో పైఅంతస్తు వాడకం మారిందని కూడా అప్పుడే రాయించండి. ఇంకొకటి, హిల్ కాలనీ కాబట్టి అడుగుతున్నా, ఇల్లు ప్రాజెక్టు క్వార్టరా, సొంత రిజిస్ట్రేషనా? క్వార్టరైతే ఈ ఆలోచన ఇక్కడితో ఆపండి.

సోమశిల రేవు

అక్కా, మాది కొల్లాపూర్ దగ్గర సోమశిల. ఇంట్లోనే మూడు గదులు ఇస్తున్నాం, సంగమం చూడటానికి, లాంచీ ఎక్కడానికి వచ్చేవాళ్లు దిగుతారు. మాది గ్రామపంచాయతీ, ఫీజులు గట్రా మీ మున్సిపాలిటీవి వేరే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. పోలీసుల సంగతి చెప్తా.

మేం మొదలుపెట్టే ముందే నాయిన స్టేషన్‌కు పోయి, ఇట్ల గదులిస్తున్నాం అని ఒక లెటర్ ఇచ్చి వచ్చిండు. మీ మామయ్యగారిని కూడా ఆ పని చేయమనండి, సగం భయం అక్కడే పోతుంది. తర్వాత ఒక లాంగ్ నోట్‌బుక్ కొని గీతలు కొట్టండి. పేరు, ఊరు, ఫోన్ నంబరు, బండి నంబరు, ఎక్కడినుంచి వచ్చారు, ఎక్కడికి పోతున్నారు, దిగిన టైము, ఖాళీ చేసిన టైము, సంతకం. గదిలో ఉండే ప్రతి పెద్దమనిషి పేరూ రాయాలి. చాలామంది ఒక్కరి ఆధార్ తీసుకుని "ప్లస్ త్రీ" అని రాసుకుంటారు, అది పనికిరాదు. ఆధార్ ఇవ్వనంటే డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు ఏదైనా సరే. మాస్క్‌డ్ ఆధార్ (చివరి నాలుగు అంకెలే కనిపించేది) ఇస్తే కాదనకండి, అది చెల్లుతుంది. ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు మాత్రం వద్దు.

జంటల గురించి అడిగారు. ఇద్దరు మేజర్లు ఒక గదిలో ఉండకూడదని చట్టమేదీ లేదు. 2019లో మద్రాసు హైకోర్టు కూడా అదే చెప్పింది. ఇద్దరి ఐడీలూ చూడండి, 18 నిండాయా లేదా అన్నదే ముఖ్యం. నిండకపోతే గది ఇవ్వొద్దు, ఎంత బతిమాలినా సరే. మా అమ్మ మొదట్లో మంగళసూత్రం చూసేది. ఇప్పుడు పుట్టిన తేదీ చూస్తది.

మీకు బుద్ధవనం (బౌద్ధ థీమ్ పార్కు) ఉంది కాబట్టి విదేశీయులు కూడా రావచ్చు. వాళ్లు దిగిన 24 గంటల్లో పాస్‌పోర్టు, వీసా వివరాలు ఇమిగ్రేషన్ వాళ్ల వెబ్‌సైటులో ఎక్కించాలి. అందరూ ఫామ్ సి అంటారు దాన్ని. ఒక్క రాత్రి ఉన్నా, సొంత ఇల్లయినా, డబ్బు తీసుకోకపోయినా తప్పదు. దానికి ముందుగా లాగిన్ కావాలి, అతిథి గుమ్మంలో నిలబడ్డాక దరఖాస్తు పెడితే కాదు. లాగిన్ వచ్చేదాకా యాప్‌లో విదేశీ బుకింగులు తీసుకోకండి.

టిఫిన్ పెడతారా? ఇడ్లీ, ఉప్మా అయినా డబ్బు తీసుకుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి, చిన్నవాళ్లకు ఏడాదికి 100 రూపాయలే. మందు మాత్రం మీరు అమ్మొద్దు, తెప్పించీ ఇవ్వొద్దు. ఇంకా, ఎడమ కాల్వలోకి దిగొద్దని గదిలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. హైదరాబాద్ పిల్లలకు పారే నీళ్ల ఊపు తెల్వదు.

మిర్యాలగూడ అకౌంటెంట్

మేడం, జీఎస్టీ నేను చెప్తాను. సేవలకు మన దగ్గర పరిమితి ఏడాదికి 20 లక్షలు. అది దాటనంతవరకు మామయ్యగారు రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. యాప్ ద్వారా వచ్చిన బుకింగులకు జీఎస్టీ చట్టం 9(5) సెక్షన్ కింద యాప్ వాళ్లే అతిథి దగ్గర వసూలు చేసి కడతారు. రోజుకు 7500 లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతం. నేరుగా ఫోన్ చేసి వచ్చినవాళ్ల దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా జీఎస్టీ పేరుతో ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు.

20 లక్షలు ఒక పాన్ మీద వచ్చేదంతా కలిపి లెక్క. మామయ్యగారికి షట్టర్ అద్దెలు, ఎరువుల దుకాణం లాంటివి ఉంటే అవీ కలుస్తాయి.

ఇన్‌కమ్ ట్యాక్సుకు వస్తే, యాప్ వాళ్లు 0.1 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. వ్యక్తి పేరు మీద ఏడాదికి 5 లక్షల లోపైతే, పాన్ ఇచ్చి ఉంటే, అదీ ఉండదు. బ్యాంకు అకౌంటు మీది, పాన్ మామయ్యగారిది అని కలగాపులగం చేయకండి. డబ్బు ఎవరి ఖాతాలో పడితే నోటీసు వాళ్లకే వస్తుంది. దుప్పట్లు మార్చడం, టిఫిన్ పెట్టడం ఉంటే ఇది మామూలు ఇంటద్దె ఆదాయంలా ఉండదు, వ్యాపారం కిందే చూపించాలి. అద్దెకు దొరికే 30 శాతం తగ్గింపు దీనికి వేసుకోకండి.

హిల్‌కాలనీ కోడలు

అందరికీ చాలా థ్యాంక్స్. ఇల్లు క్వార్టరు కాదు సార్, రిజిస్ట్రేషన్ డాక్యుమెంటు ఉంది. షట్టర్ అద్దెలు లేవు. ఒకటే అనుమానం. మామయ్య, అత్తయ్య ఏటా ఎండాకాలం రెండు నెలలు మా దగ్గరికి వచ్చేస్తారు. అప్పుడు గదులు ఇవ్వొచ్చా?

పాత లైన్ ఇన్‌స్పెక్టర్

ఆ రెండు నెలలు యాప్‌లో బ్లాక్ చేసేయండమ్మా. ఎండాకాలం సాగర్‌లో నీళ్లూ ఉండవు, జనమూ రారు. పైమీటరుకు మినిమం బిల్లు వస్తుంది, అది మాత్రం కట్టండి.